అతను సరే అనలేదు

ఒక అబద్ధాన్ని పదిహేనేళ్లుగా మోస్తున్నాను. పెద్ద అబద్ధం కూడా కాదు, ఒక్క మాట. మోసీ మోసీ విసుగొచ్చింది. పశ్చాత్తాపం లాంటి బరువైన మాటలు వాడను, అవి మంచివాళ్లకు. నాకున్నది అలసట. ఎవరికైనా చెప్పేసి కాసేపు ఊరికే కూర్చోవాలని ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. కాబట్టి మీరే దొరికారు.

మాది అమృతలూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. కాపురం తెనాలిలో. సరుకు ఓడల్లో ఇంజనీరుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. మా వైపు వాళ్లకు ఓడ ఉద్యోగం అంటే తెల్లచొక్కా, భుజాల మీద బంగారు గీతలు. నేను తెల్లచొక్కా వేసుకున్నది ఫొటోలు దిగడానికే. ఇంజనీరు బతుకంతా ఓడ అడుగున. వేడి, నూనె, చప్పుడు. వేడికి అలవాటు పడతాం, నూనె సబ్బుతో పోతుంది. చప్పుడు మాత్రం పోదు. అది నా ఎడమ చెవిని కొద్దికొద్దిగా తినేసింది.

ఆ సంగతి నాకు తెలిసింది బాపట్లలో. అక్కడ మా అత్తవారిల్లు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా బావమరిది నన్ను తప్పకుండా సూర్యలంక తీసుకెళ్లేవాడు. నెలల తరబడి నీళ్లు చూసీ చూసీ వచ్చినవాడికి మళ్లీ సముద్రం చూపించడం ఏం మర్యాదో! ఒక సాయంత్రం మా ఆవిడ నా ఎడమ పక్కన నడుస్తూ ఏదో చెబుతోంది. చాలాసేపు చెప్పింది. కాసేపటికి ముందుకొచ్చి నిలబడి, "ఏంటండీ, ఉలుకూ పలుకూ లేదు? గోడతో చెప్పినా నయమే" అంది. నేను నవ్వేసి, అలల చప్పుడులో వినపడలేదన్నాను. నిజానికి నాకు ఆ పక్క అలలూ వినపడలేదు.

ఎవరికీ చెప్పలేదు. అప్పటికి నేను సెకండ్ ఇంజనీరుని. అంటే చీఫ్ ఇంజనీరు తర్వాత ఇంజను గది పెత్తనమంతా నాదే. మరో రెండేళ్లలో చీఫ్ కావాల్సినవాణ్ణి. చెవుడు అని కాగితం మీద పడితే ఓడ ఎక్కనివ్వరు. బొంబాయిలో వైద్య పరీక్షకు వెళితే డాక్టరు వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పేవాడు, మనం తిరిగి చెప్పాలి. ఆ ముసలాయన ఏ చెవికి చెప్పినా నేను కుడిచెవితో విని చెప్పేశాను. ఓడలో నా పేరు ఇంకా గమ్మత్తు. ఇంజను శబ్దాన్ని బట్టి జబ్బు చెబుతాడని. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనిస్తే లోపలి చప్పుడు ఎముకలోంచి తెలిసిపోతుంది. దానికి చెవి బాగుండక్కర్లేదు. అలా ఇంజను మాట వినేవాణ్ణి, పక్కనున్న మనిషి మాట వినలేకపోయేవాణ్ణి.

ఎనభైల మధ్యలో ఒక ఓడలో ఫిట్టరుగా చేరాడు ఏసుపాదం. ఇది అతని అసలు పేరు కాదు, మార్చాను. రేపల్లె మనిషి. లూథరన్ క్రైస్తవులు. తెనాలిలో ఒక వర్క్‌షాపులో పని నేర్చుకుని, ఎవరినో పట్టుకుని ఓడెక్కాడు. మొదటి రోజే నా మాటలో యాస పట్టి, "సార్‌ది మా వైపేనాండి?" అన్నాడు. ఆ ఓడ మొత్తం మీద తెలుగువాళ్లం ఇద్దరమే. పని చేస్తూ పాటలు పాడేవాడు, అన్నీ చర్చి పాటలే. పప్పులో చింతకాయ పడలేదని ఓడ వంటవాడితో రోజూ పోట్లాడేవాడు. అతనుంటే నాకు ఇంటి గాలి తగిలినట్టుండేది. పనిలో మేమిద్దరం తెలుగులోనే అరుచుకునేవాళ్లం. నిబంధన ప్రకారం అయితే అలా చేయకూడదు.

ఆ నిబంధన మీకు చెప్పాలి. ఓడ ఆగి ఉన్నప్పుడు పెద్ద ఇంజనులో మరమ్మతు చేయాలంటే మనిషి దాని పొట్టలోకి దూరతాడు. బయట ఒకడు చిన్న కరెంటు మోటారుతో ఇంజనుని చాలా మెల్లగా తిప్పుతాడు, కావలసిన భాగం ఎదురుగా వచ్చేదాకా. బటను నొక్కేముందు బయటివాడు గట్టిగా అడగాలి. లోపలివాడు 'క్లియర్' అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే నొక్కాలి. పడకపోతే నొక్కకూడదు. పసిపిల్లవాడికైనా అర్థమయ్యే నిబంధన.

సింగపూరు దగ్గర లంగరు వేసి ఉన్నాం. పొద్దున టిఫిన్లు అయ్యాక పని మొదలుపెట్టాం. ఏసుపాదం లోపల, నేను బయట, నా చేతిలో బటన్ల పెట్టె. కొంచెం దూరంలో గోవా అతను ఒకడు, ఇంజనుకు నూనె వేసేవాడు, నేల తుడుస్తున్నాడు. కరెంటు కోసం తిరిగే జనరేటరు హోరు ఎప్పుడూ ఉండేదే. మామూలుగా నేను కుడిచెవి ఇంజను తలుపు వైపు పెట్టి నిలబడేవాణ్ణి. ఆ పూట పై మెట్ల మీది నుంచి చీఫ్ ఏదో అడిగితే అటు తిరిగాను. ఎడమచెవి తలుపు వైపు పడింది. "ఏసుపాదం, తిప్పనా?" అని అరిచాను.

జవాబు వినపడలేదు. వినపడలేదని నాకు తెలుసు. మరి ఎందుకు నొక్కావురా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. చెవుడు దాచుకునేవాడికి ఒక పాడు అలవాటు పడుతుంది. వినపడని మాటలన్నిటికీ తల ఊపేస్తాడు. 'ఏమన్నావు?' అని మళ్లీ అడిగితే గుట్టు బయటపడుతుందని, ఎదుటివాడు సరే అనే ఉంటాడని తనకు తనే సర్దిచెప్పుకుంటాడు. ఇంట్లో భార్యతో అలాగే, బజారులో కొట్టువాడితో అలాగే, పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లతో అలాగే. తలూపి తలూపి వద్దన్న కూరలు ఎన్ని తిన్నానో లెక్కలేదు. ఆ అలవాటుతోనే, అంత మామూలుగా, బటను నొక్కాను.

తర్వాతి కేక మాత్రం నాకూ వినిపించింది.

కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. అతన్ని పడవలో ఒడ్డుకు పంపించాక చీఫ్ నన్నూ గోవా అతన్నీ పిలిచి అడిగాడు. లోపలివాడు క్లియర్ అన్నాడా అని. గోవా అతను, ఏదో అరిచాడు గానీ వాళ్ల భాషలో అరిచాడు, నాకేం తెలుస్తుంది అన్నాడు. చీఫ్ నా వైపు చూశాడు. వినపడలేదు అంటే సరిపోయేది. కానీ ఎందుకు వినపడలేదు అని తర్వాతి ప్రశ్న వస్తుంది. ఆ తర్వాత డాక్టరు వస్తాడు. నేను "అన్నాడు" అన్నాను.

భయంలో నోరు జారడం వేరు. అక్కడితో ఆగితే మీకు చెప్పుకోవడానికి నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు. రెండు రోజులకు ఆసుపత్రికి వెళ్లాను. మంచం మీద చేతికి పెద్ద కట్టుతో ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు. కూర్చోబెట్టాను. కోపం లేదు అతనికి. అర్థంకాక అడుగుతున్నట్టే అడిగాడు.

"నేను ఉండండి అన్నానండి. నట్టు జారిపోయింది, తీసుకుంటన్నా, ఉండండి ఉండండి అన్నాను. ఇనపళ్లేదాండి మీకు?"

"నువ్వు సరే అన్నావు ఏసుపాదం."

"అన్నానాండి?"

"టార్చిలైటు నా వైపు తిప్పి మరీ అన్నావు."

కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. "అయితే అనే ఉంటానండి," అన్నాడు. "మీరు ఇన్నారుగా."

టార్చిలైటు సంగతి అప్పటికప్పుడు కల్పించాను. ఉత్త అబద్ధం నిలబడదని, దానికో చిన్న వివరం తగిలించాలని నాకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అది నాలోనే ఉంది. ఆ రోజు ఆ మనిషి వేళ్లు ఎలాగూ పోయాయి, వాటిని నేను తెచ్చివ్వలేను. కానీ అతని జ్ఞాపకం అతని దగ్గరే ఉంది, భద్రంగా. దాన్ని కూడా తీసుకున్నాను.

దీని మీద ఇంకొకటి. కంపెనీ వాళ్లు తప్పు ఫిట్టరుదే అని చేతులు దులుపుకోబోతే, నేను అడ్డం పడ్డాను. మంచి పనివాడు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, న్యాయం చేయండి అని గట్టిగా మాట్లాడాను. చేశారు. ఆ పరిహారం డబ్బుతో అతను రేపల్లెలో పిండిమర పెట్టుకున్నాడు. నాకు దయగల మనిషి అని పేరొచ్చింది. చీఫ్ కూడా అయ్యాను. అప్పుడు నాకు ఏమనిపించేదని అడుగుతారేమో. నిజం చెప్పాలంటే చాలా రోజులు ఏమీ అనిపించలేదు. పని ఉంది, నిద్ర ఉంది.

తొంభైల మొదట్లో సెలవులో ఉండగా, ఏసుపాదం దంపతులు తెనాలి వచ్చి మమ్మల్ని పిలిచారు. కొత్త ఇల్లు కట్టుకున్నారట, కృతజ్ఞత కూడిక అని ప్రార్థన పెట్టుకున్నారు. వెళ్లాం. పందిరి, చాపలు, ముందు వరసలో పాస్టరుగారి పక్కన నాకు కుర్చీ. పాటలయ్యాక ఏసుపాదం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు తమకు చేసిన మేలు పదిమందిలో నిలబడి చెప్పడం వాళ్లకు ఆచారం. నా కుడిచెవి అతని వైపే ఉంది, ప్రతి మాటా వినిపించింది. "నా తొందరే నన్ను దెబ్బతీసిందండి. టార్చిలైటు సార్ వైపు తిప్పి, సరేనండి అని నా నోటితో నేనే అన్నాను. అయినా దేవుడు నన్ను ఇడిచిపెట్టలేదు. సార్ రూపంలో ఆదుకున్నాడు" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. రెండు మాటలు మాట్లాడమన్నారు పాస్టరుగారు. లేచాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏసుపాదం గొప్పతనం గురించి ఏదో చెప్పి కూర్చున్నాను. కోడికూర బాగుందని మా ఆవిడ దారంతా చెప్పుకుంటూ వచ్చింది. నేను కలిపిన అన్నం కలిపినట్టే వదిలేశానని ఆవిడ చూడలేదు.

ఆ సాక్ష్యం అతను ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. చర్చిలో చెప్పాడు, ఊళ్లలో కూడికల్లో చెప్పాడు, చెప్పీ చెప్పీ సంఘంలో పెద్దమనిషి అయ్యాడు. నా అబద్ధం ఆ మనిషికి పరువు తెచ్చింది. దాన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కిందటేడు నా గుట్టు రట్టయింది. బొంబాయిలో కుర్ర డాక్టరు నన్ను గాజుపెట్టె లాంటి గదిలో కూర్చోబెట్టి చెవులకు యంత్రం తగిలించాడు. ఎడమచెవి ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాడు. జవాబు చెప్పకుండా ఇంటికొచ్చేశాను. ఓడకు పనికిరానని కాగితం వచ్చింది, ఇక పోయే ఉద్యోగం కూడా లేదు. దాచడానికి కారణం పోయాక దాచిన వస్తువు మరీ వికారంగా కనపడుతుంది. మా ఆవిడకు చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు చొక్కా ఇస్త్రీ చేసి పెట్టి, "వెళ్లి రండి" అంది.

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటేదాకా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. తర్వాత ఓపిక లేక వదిలేశాను. నేను వెళ్లేసరికి రేపల్లెలో కరెంటు లేదు, పిండిమర ఆగి ఉంది. ఏసుపాదం, అతని భార్య సుగుణమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నారు. మజ్జిగ ఇచ్చారు. తాగి, చెప్పేశాను. చెవి సంగతి, టార్చిలైటు సంగతి, అంతా.

ఏసుపాదం నవ్వాడు. "మీరు పెద్దమనసుతో అంటన్నారండి. తప్పు మీ మీద ఏసుకుందామని. అన్నానండి నేను. లైటు తిప్పడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది."

"లేదు ఏసుపాదం. అది నేను కల్పించింది. నువ్వు ఉండండి అన్నావు."

"సరేనండీ అన్నానండి," అన్నాడు. ఈసారి నవ్వలేదు. గొంతు కొంచెం గట్టిపడింది. "నాకు తెలీదాండి, నేనేం అన్నానో?" అని లేచి మర దగ్గరకు వెళ్లి, ఆ మిగిలిన రెండు వేళ్లతో బెల్టు సరిచేయడం మొదలుపెట్టాడు. కరెంటు లేని మరకు బెల్టు సరిచేయాల్సిన అవసరం ఏముంది?

సుగుణమ్మ నన్ను వీధి చివరిదాకా సాగనంపింది. ఆవిడ నా కుడి పక్కన ఉండేలా నేను జరిగి నిలబడితే, ఎందుకో ఆవిడకు అర్థమైంది. ఆవిడ నన్ను నమ్మింది. ముఖం చూస్తేనే తెలిసింది. "అన్నయ్యగారండీ," అంది. "ఇన్నేళ్లు దేవుడి ముందు నిలబడి చెప్పిన సాక్ష్యమండి అది. ఇప్పుడు కాదంటే ఆయన దేవుడి ముందు అబద్ధమాడినట్టు కాదాండి? చెయ్యి పోతే తట్టుకున్నాడు. ఇది పోతే తట్టుకోలేడు. ఇంకెప్పుడూ ఆ మాట ఆయన దగ్గర ఎత్తకండి."

తలూపాను. ఈసారి విని ఊపాను.

అందుకే పేర్లు మార్చాను, నా పేరు రాయలేదు. క్షమించమని అడగడానికి వెళ్లినవాడిని, క్షమించడానికి తప్పేమీ లేదని పంపించేశారు. ఆవిడ క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు, ఊరుకోమంది. ఊరుకుంటాను. కానీ ఎక్కడో ఒకచోట, ఒక్కసారైనా ఆ మాట ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా. రాస్తుంటే చెయ్యి నొప్పిగా ఉంది, గుండె మాత్రం కాస్త తేలికగానే ఉంది. ఆ తేలికకు నాకు హక్కు లేదని తెలుసు, అయినా వద్దనను.

అతను నమ్మడు. మీరైనా నమ్మండి. అతను సరే అనలేదు. ఉండండి అన్నాడు.