పది పువ్వుల గుత్తి

డాన్యూబ్ నదికి ఈ ఒడ్డునైనా ఆ ఒడ్డునైనా, మా గెర్గీనా అమ్మమ్మ చేతి మీదుగా పువ్వులు అందుకోని గాయని గాయనే కాదు. రాజులైతే ఆమెను చూసి కిరీటాలు తీసి లేచి నిలబడేవాళ్లు. మా రూసే ఊళ్లో ఇప్పుడు రాజులు లేరు కాబట్టి బతికిపోయారు.

డిసెంబరులో సెయింట్ నికొలాయ్ పండుగ మొదలు కొత్త సంవత్సరం దాకా మా హాల్లో కచేరీలు. తలుపు దగ్గర టికెట్లు చింపడం అమ్మమ్మ ఉద్యోగం. పాట అయ్యాక నల్ల వెల్వెట్ గౌనులో వేదిక ఎక్కి పూలగుత్తి అందించడం ఆమె ప్రాణం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పని మరొకరికి ఇవ్వలేదు.

గుత్తిలో పువ్వులు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్య పోయినవాళ్లకి. లెక్కల్లో మూడుసార్లు తప్పిన నాకూ ఇది తెలుసు.

క్రిస్మస్ కచేరీ రోజు అమ్మమ్మ, వచ్చినవాళ్లు చలికోట్లు విప్పి దాచుకునే గదిలో గుత్తి పెట్టి తల దువ్వుకోవడానికి వెళ్లింది. కోట్లు అందించే కలీనా నన్ను చూసి నవ్వింది. గుత్తిలోంచి ఒక ఎర్ర కార్నేషన్ లాగి ఆమెకిచ్చేశాను. ఆ క్షణంలో లెక్క ఎవరికి గుర్తుంటుంది?

ఆ సాయంత్రం పాడింది వెలిస్లావా గారు. డెబ్బై దాటాయి, గుండె జబ్బు. గుత్తి అందుకుని పువ్వులు లెక్క చూసింది. పది. ముఖం పాలిపోయింది. దాన్ని పియానో మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. జనం ఎంత చప్పట్లు కొట్టినా మళ్లీ రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ గౌను మడిచి పెట్టెలో పెట్టేసింది.

"ఇక వేదిక ఎక్కను."

"ఒక్కసారి లెక్క తప్పినందుకేనా?"

"తప్పడం కాదురా, శిక్ష." గొంతు తగ్గించింది. "ప్రతి గుత్తిలోంచీ మీ తాతయ్య సమాధికి ఎవరికీ చెప్పకుండా రెండు తీస్తాను. రెండు తీస్తే బేసి బేసిగానే ఉంటుంది కదా. ఈసారి చెయ్యి వణికి మూడు వచ్చినట్టున్నాయి. బతికున్న మనిషి చేతిలో చావు పువ్వులు పెట్టాను."

అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. గుమ్మడికాయ కూరిన బానిత్స రొట్టె రెండు ముక్కలు తిని పడుకున్నాను. తర్వాతి కచేరీకి పువ్వులు వేరే ఆవిడ ఇచ్చింది. అమ్మమ్మ తల ఎత్తకుండా టికెట్లు చింపింది. నాకు అన్నం సయించలేదని చెబితే అబద్ధం. సయించింది, అదే ఎక్కువ బాధ.

ముప్పై ఒకటో తేదీ పొద్దున గౌను పొరుగావిడకి ఇచ్చేయబోతుంటే నోరు తెరిచాను.

"పదకొండో పువ్వు నేను తీశానమ్మమ్మా. కలీనా కోసం."

"ఆరు రోజులు!" అంది. "ఆరు రోజులు నా ఎదుట కూర్చుని మెక్కావట్రా, సిగ్గులేని వెధవా!"

చెవి పట్టుకుని వెలిస్లావా గారింటికి ఈడ్చుకెళ్లింది. నేను తప్పు ఒప్పుకున్నాను. ఎవరూ అడగకపోయినా తన రెండు పువ్వుల సంగతీ అమ్మమ్మ చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది. ఆమె ఏడవడం అంతకుముందు తాతయ్య పోయినప్పుడే చూశాను.

"నేను వీలునామా కూడా రాసేశాను కదే గెర్గీనా," అంది వెలిస్లావా గారు. "సాయంత్రం నా పాటకి పువ్వులు నువ్వే తీసుకురా. నీ మొగుడి రెండు పువ్వులూ ఇకమీదట అడిగి తీసుకో."

ఆ సాయంత్రం కోట్ల గదిలో అమ్మమ్మ గౌను వేసుకుని నిలబడింది. గుత్తికి చుట్టిన కాగితం సరిచేస్తూ అడిగాను:

"నన్ను క్షమించినట్టేనా?"

"ముందు దాని మీంచి చెయ్యి తియ్యి."