‘చూస్తం’ అన్నాను

ఆర్థిక సరళీకరణ కొత్తలో, చంద్రపూర్‌లో ఊపిరితిత్తుల మీద పరిశోధన చేస్తున్న నా చేతికి విదేశీ యంత్రం ఒకటి వచ్చింది. గొట్టంలో ఊదితే ఊపిరి బలమెంతో అంకెలో చూపిస్తుంది. అక్కడి బాబుపేట్‌లో ఉండే తెలుగు గని కార్మికుల ఊపిరి ఏడాదిలో ఎలా మారుతుందో రాసుకోవడమే నా పని. వైద్యం చేయడం కాదు.

సమ్మతి కాగితం మరాఠీలో ఉంది. ‘నిరీక్షణ్’ అని రాశారు, గమనించడమని అర్థం. తెలుగులో నిరీక్షణంటే ఎదురుచూపు కదా, మనవాళ్లు తికమక పడతారని పెద్ద తెలివిగా నేనే విడమరిచాను. “ఏడాది దాక మేం చూస్తం” అన్నాను. నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను కూడా.

తెలంగాణ నుంచి గనికి వచ్చిన ఒకాయన, భార్య ఎదుట వేలిముద్ర వేశాడు. సర్కారు దవాఖానా టీబీ గోలీలు మింగుతున్నాడని ఆ రోజే రాసుకున్నాను. నెలనెలా ఇద్దరూ వచ్చేవారు, ఆయన ఊదేవాడు. అంకె పడిపోతూ వచ్చింది. చెప్పడానికి సిగ్గేస్తోంది, గ్రాఫ్ చక్కగా వస్తోందని సంబరపడ్డాను.

ఎనిమిదో నెల ఆయన ఊదలేకపోయాడు. గోలీలు వేసుకుంటున్నాడా అని అప్పుడు అడిగాను.

ఆమె విడ్డూరంగా చూసింది. “అవి ఎప్పుడో బంద్ చేసినం సార్. మీరు చూస్తున్రు గదా.”

మా ఇళ్లలో ‘ఏ డాక్టర్ చూస్తుండు’ అంటే ఎవరు వైద్యం చేస్తున్నారని. మా అమ్మా అలాగే అనేది. నాకు తెలియదని ఎవరి దగ్గర బుకాయించను? అప్పటికప్పుడు రిక్షాలో దవాఖానాకు తీసుకెళ్లాను. ఆయన రెండు వారాలే బతికాడు.

యంత్రం వదిలేశాను. పరిశోధనల్లో మనుషులకు జరిగే అన్యాయం గురించి రాయడం, మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం అర్థమైందో వాళ్ల నోటితో చెప్పించుకోకుండా వేలిముద్ర తీసుకోవద్దని సభల్లో చెబుతుంటాను. చప్పట్లు కొడతారు. నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పట్లో, ఆయన దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. నేను వైద్యం చేయలేదని, ఊపిరి తగ్గడం రాసుకున్నానంతేనని ఆమెతో చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నిజంగా అర్థంకాక అడిగింది.

“మరి ఎనిమిది నెలలు ఏం చూసిన్రు సార్?”