పట్టుకోండప్పా

శుక్రవారం. మబ్బు, సన్నటి తుంపర. నీళ్ల తొట్టి సగం కడిగాను. ధర్మవరం నుంచి ఫోను. అన్న పోయాడు.

నా దినచర్య పుస్తకంలో ఆ రోజుకు ఉన్నది ఇంతే. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. హిందూపురంలో మా వీధివాడు, మా కబడ్డీ జట్టు కెప్టెను. తొంభైల్లో ఆటతోనే ఉద్యోగం తెచ్చుకుని, ఒక డిపార్ట్‌మెంటు జట్టుకు జీతం మీద ఆడినవాడు. సెలవులకు వస్తే మా ఊరి జట్టుకూ ఆడేవాడు. నేను ఆటగాణ్ణి కాదు, బడికి పోయినవాణ్ణీ కాదు. బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. "నీ అక్షరం నిలబడి ఉంటాదప్పా, వాలదు" అని స్కోరు పుస్తకం నా చేతికిచ్చింది అన్నే. ఈ నాలుగు మాటలు మీకు రాయగలుగుతున్నానంటే అప్పటి ధైర్యమే.

ఫోను చేసింది వాళ్ల అక్క. "నిద్రలోనే పోయినాడు నాయనా. మోసేదానికి నలుగురు కావాల గదా. మీ బావ ఒగడుండాడు. ఇంగెవరొస్తారో ఏమో. నువ్వన్నా రా."

బస్సెక్కాక తలలో ఆ నలుగురే. వాళ్ల బావ, నేను. మూడోవాడెవడు? పెనుకొండ వచ్చేలోపల పాత జట్టువాళ్లందరినీ తలుచుకున్నాను. ఒక్క పేరు దగ్గరా మనసు నిలవలేదు.

అన్న జేబులో ఎప్పుడూ నెయిల్ కట్టరు ఉండేది. కబడ్డీలో గోరు పెరిగితే ఎదుటివాడి చర్మం చీలుతుంది. ఆటకు ముందు అందరినీ వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని తనే కత్తిరించేవాడు. "పట్టినోని మీద కోపం పెట్టుకోగాకండప్పా. వాడు పట్టకపోతే నీకు ఆట యాడుంది?" అనేవాడు.

రెండువేలు దాటిన కొత్తలో వాళ్ల డిపార్ట్‌మెంటు జట్టు ఒక కప్పు గెలిచింది. పెళ్లెప్పుడని విలేకరి అడిగాడు. ఎవరైనా ఏదో ఒకటి చెప్పి నవ్వేసే ప్రశ్న. అన్న నిజం చెప్పాడు. "నా మనసు మగవాళ్ల మీదికే పోతుంది. పెళ్లి చేసుకుని ఒక పిల్ల బతుకు చెరపలేను." మరునాడు జిల్లా పేజీలో ఫోటోతో సహా వచ్చింది.

టీ అంగట్లో ఆ పేపరు చేతులు మారింది. "కబడ్డీనే ఎందుకు నేర్సినాడో ఇప్పుడు తెలిసింది గదా" అన్నాడొకడు. ఇంకొకడు నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, టోర్నమెంట్లకు పోయినప్పుడు నువ్వూ ఆయప్పా ఒగే రూము గదా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమనుకుంటారోనని. ఆ రోజు నుంచి అన్న ఇంటి ముందు నుంచి నడవాలన్నా వెనక్కి చూసుకునేవాణ్ణి.

ఆ నెలలోనే పెనుకొండలో మ్యాచ్. అన్న ఎప్పటిలాగే కట్టరు తీసి కూర్చున్నాడు. మావాళ్లు ఒక్కొక్కరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "ఇంట్లోనే కత్తిరించుకోని వచ్చినామన్నా." అన్న కట్టరు మడిచి జేబులో వేసుకున్నాడు.

అన్న కూతకు పోతే అవతలి ఏడుగురూ వెనక్కి జరిగారు. అన్న తాకినవాడు అవుటై బయటికి నడిచాడు గానీ, ఒక్కడూ పట్టలేదు. పాయింట్లు మాకు వస్తూనే ఉన్నాయి, నేను రాస్తూనే ఉన్నాను. మూడోసారి అన్న అవతలివాళ్ల బరి మధ్యలో నిలబడి కూత ఆపేశాడు.

"పట్టుకోండప్పా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"మేము పడితే నువ్వు ఇడిసిపెట్టవని భయమబ్బా" అని జనంలోంచి ఎవరో అరిచారు. ఈలలు. కూత ఆగింది కాబట్టి అన్న అవుట్. అదీ నేనే రాశాను, తల ఎత్తకుండా.

ఆట ముగిశాక కెప్టెన్లు స్కోరు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఎప్పుడూ పెన్ను అన్న చేతికే ఇచ్చేవాణ్ణి. ఆ రోజు జనం చూస్తున్నారని బల్ల మీద పెట్టి ముందుకు జరిపాను. అన్న దాన్ని కాసేపు చూశాడు. తీసుకుని సంతకం పెట్టాడు. "బాగా రాసినావప్పా, కొట్టివేత ఒగటీ లేదు" అన్నాడు.

తర్వాత డిపార్ట్‌మెంటువాళ్లు అతన్ని జట్టులోంచి తీసి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. అన్న అదీ వదిలేసి ధర్మవరంలో అక్క దగ్గరికి చేరాడు. అక్కడ కుర్రాళ్లకు ఆట నేర్పుతున్నాడని విన్నాను. రెండు గంటల బస్సు దారి. ఆరేళ్లలో నేను ఒక్కసారీ పోలేదు.

ఆ వీధిలోకి తిరిగేసరికి మగ్గాల చప్పుడు వినబడుతోంది. వీధిలో శవం ఉన్నా మగ్గం ఆడుతోందంటే ఎవరూ రారనే కదా. ఇంటి ముందు అక్క, బావ, కట్టి పెట్టిన పాడె. "ఇంగా ఇద్దరు కావాల" అంది అక్క, వీధి వైపే చూస్తూ.

బావ పాడె దగ్గరికి నడిచాడు. అప్పుడు ఎదురింట్లో మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. తర్వాత ఆ చివరిది. నేసే మగవాళ్లు చేతులు పంచెకు తుడుచుకుంటూ ఒక్కొక్కరే బయటికొచ్చారు. నలుగురు కాదు, పదిమందికి పైనే.

"అన్నను ఎత్తేదాకా నేద్దామనుకున్నామక్కా" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. "మగ్గం ఆపి ఆటకొస్తే తిడుతుండె గదా అన్న."

"పట్టుకోండప్పా" అన్నాడు బావ.

నేను పాడెకు ముందు వైపు, ఎడమ కొమ్ము పట్టుకున్నాను. కొమ్ముల కోసం ఎన్నో చేతులు వచ్చాయి. దారి పొడుగునా వాటినే చూస్తూ నడిచాను. అన్నిటికీ గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి.