ఇసుక డ్రమ్ము, పాత బ్యాటరీ

నా మొగుడు, నా తమ్ముడు రక్తాలు కారేటట్టు కొట్టుకున్నది కరెంటు గురించి. నవ్వకుండ్రి, నిజం.

అశోక్‌నగర్‌ల హాస్టల్ బిల్డింగు, మూడో అంతస్తుల మా అర్ర. హాస్టల్ పిల్లలకు నేను వండుత, మా ఆయన మేస్త్రీ. మా అత్తకు ఆయాసం. ఆవిరి మందు పట్టే మిషన్ లేకుంటె ఊపిరాడది. వాన పడితె కరెంటు పోతది, ఆయాసం గూడ గప్పుడే ఎక్కువైతది.

మా ఆయన ఏం జేసిండంటె, డాబా మీద గిరక బిగించి, ఇసుక నింపిన డ్రమ్మును మెట్ల సందుల వేలాడదీసిండు. అది మెల్లగ దిగుతుంటె డైనమో తిరిగి చిన్న బల్బు వెలుగుతది. మళ్ల పైకి గుంజాలె. కిరాక్ ఉండె.

నా తమ్ముడు నారాయణగూడల బ్యాటరీల దుకాణంల పనిజేస్తడు. పడీపడీ నవ్విండు. "బావా, బల్బు దాకనే దాని బతుకు. మిషన్ గుంజాలంటె బ్యాటరీ కావాలె." ఓ సాయంత్రం వాన పడుతుంటె, ఛార్జింగు నింపిన పాత బ్యాటరీ, ఇన్వర్టరు మోసుకొచ్చిండు.

"నా ఇంట్ల యాసిడ్ డబ్బానా? తియ్ బామ్మర్దీ!"

"మీ అమ్మ సచ్చినంక తీస్త!"

గంతే. మా ఆయన వాని చెంప పగలగొట్టిండు. వాడు బావ ముక్కు మీద గుద్దిండు. మెట్ల మీద దొర్లుతుండంగనే కరెంటు పోయింది. లోపల అత్త ఊపిరాడక గోడ గోకుతుంది.

మా ఆయన డ్రమ్ము వైర్లు మిషన్‌కు తగిలించిండు. గుర్రుమని ఆగింది. "బరువు సాల్తలేదు" అనుకుంట డాబా మీదికి ఉరికి డ్రమ్ముల ఇంకో బస్తా ఇసుక గుమ్మరించిండు. మేస్త్రీ బుద్ధి! తాడు పటుక్కున తెగింది. రేలింగుకు ఆనుకోని ఇన్వర్టరు వైర్లు సర్దుతున్న తమ్ముని భుజం చీరుకుంట పోయి, డ్రమ్ము కిందున్న స్కూటీని నుజ్జు జేసింది.

"నీ వల్లనేరా!" అని మా ఆయన మళ్ల చెయ్యెత్తుకుంట దిగిండు. నేను గంటె తీస్కోని ఆ చేతి మీదనే కొట్టిన. "మీ అమ్మ పోతుంది, కండ్లు లేవా? ఫోను లైటు పట్టు!"

పట్టిండు. తమ్ముడు నెత్తుటి చేతుల్తోనే వైర్లు కలిపిండు. మిషన్ మోగింది.

జర సేపటికి అత్త మూతి మీది మాస్కు జరిపింది. "కొట్టుకునేటోళ్లు కిందికి పోయి కొట్టుకోండ్రి."

ఎవరూ పోలే. మా ఆయన ముక్కు తుడుచుకుంట పోయి రెండు ఇటుకలు తెచ్చిండు. బ్యాటరీ ఒరగకుంట, మట్టం జూసి మరీ దాని కింద పెట్టిండు.