కరుణమ్మగారి పిడికెడు బియ్యం

పొద్దున్నే కుక్కర్లో బియ్యం పొయ్యబోయే ముందు ఒక పిడికెడు తీసి, గట్టుమీదున్న పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తాను. డబ్బా ఖాళీగా ఉన్న రోజున ఆ గింజలు అడుగుకి తగిలి గలగలమంటాయి. ఆ చప్పుడు చెవిన పడగానే కరుణమ్మగారు గుమ్మంలో నిలబడి "కొంగు దోపుకుని రా, ఎండెక్కిపోతోంది" అన్నట్టే ఉంటుంది. ముక్తేశ్వరంలో మా పక్కిల్లే ఆవిడది. నర్సుగా రిటైరయ్యారు. తెల్లచీర, మగవాళ్లు వేసుకునే కాన్వాసు బూట్లు, చేతిలో నల్లగొడుగు. ఊళ్లో ఎవరితో మాట్లాడినా మంచమ్మీదున్న రోగితో మాట్లాడినట్టే మాట్లాడేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే నన్ను కూడా నాలిక చాపమనేవారు.

మా ఆయన అమలాపురం ఆసుపత్రిలో పోయాక నేను గుడికి, అంటే మా చర్చికి, వెళ్లడం మానేశాను. దేవుడితో పోట్లాటేమీ పెట్టుకోలేదు, మాటలు ఆగిపోయాయంతే. మోకాళ్లమీద కూర్చుంటే పెదాలు కదిలేవి కావు. బడి, ఇల్లు, మళ్లీ బడి. అట్లాంటి రోజుల్లో ఓ సాయంత్రం కరుణమ్మగారు వచ్చి, కుర్చీ తనే లాక్కుని కూర్చున్నారు.

"ఆసుపత్రిలో గంజి కుండ ఆగిపోయేలా ఉంది సుజాతా. ఈస్టరు లోపల బియ్యం దారి చూడకపోతే ఇహ పొయ్యి వెలిగించలేం" అన్నారు.

ఆ కుండ సంగతి నాకు తెలుసు. రోగుల్ని కనిపెట్టుకుని వరండాల్లో పడుండే మనుషులకి మా సంఘం స్త్రీలు పొద్దుటిపూట వేడిగంజి పోసేవారు. దానికి బియ్యం మా ఇళ్లనుంచే వెళ్లేది. వంటకి బియ్యం తీసుకున్నప్పుడల్లా ఒక పిడికెడు దేవుడి పేర డబ్బాలో వేయడం మా అమ్మమ్మల నాటి అలవాటు. రానురాను జనం మర్చిపోయారు. అందుకని ముక్తేశ్వరం నుంచి ఆసుపత్రి దాకా నడుద్దామనీ, దారి పొడుగునా అందరికీ గుర్తుచేద్దామనీ ఆవిడ పట్టుదల.

"నాకెందుకండీ ఇవన్నీ" అన్నాను.

"నువ్వు తాగేవు కదమ్మా ఆ గంజి" అన్నారావిడ, నెమ్మదిగా.

తాగాను. మా ఆయన కళ్లు మూసిన పొద్దున్న ఎవరో నా చేతిలో గ్లాసు పెట్టారు. ఆ పూట నా కడుపులో పడింది అదొక్కటే. ఆవిడ ఆ మాటన్న మర్నాడు చీకటితో లేచి బూట్లు వేసుకున్నాను.

కాలవగట్టు వెంట నడక సాధన మొదలైంది. ఏం సాధన లెండి. మా కోనసీమ మర్యాదలు మీరు చూడకపోతే చెప్పినా నమ్మరు. పది గుమ్మాలు దాటేసరికి ఒకరు బొండం కొట్టి ఇచ్చేవారు, ఒకరు కాఫీ తాగితేనే కదలనిస్తామనేవారు, ఇంకొకరు ఆత్రేయపురం చుట్టాలు తెచ్చారని పూతరేకులు చేతిలో పెట్టేవారు. వద్దంటే వాళ్ల మొహం చిన్నబోతుంది. తింటే మాకు కాళ్లాడవు. రోజూ అదే వంతెన దగ్గర ఆయాసపడి వెనక్కి తిరిగేవాళ్లం. "ఇలాగైతే మనం ఆసుపత్రికి చేరేది అంబులెన్సులోనే" అని ఆవిడ విసుక్కునేవారు.

ఓ పొద్దున్న కొబ్బరితోట సత్యనారాయణగారు కత్తీ బొండాలూ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డారు. అప్పటికే పొట్ట పగిలేలా ఉన్న నేను చేతులు జోడించేశాను.

"ఏమండీ, మా ఇంటి నీళ్లు పనికిరావాండీ?" అన్నారాయన. నిజంగానే నొచ్చుకున్నారు.

కరుణమ్మగారు ఒక్క క్షణం ఆయన్నీ, ఆయన చేతిలో బొండాన్నీ చూసి, "పనికొస్తాయండి. కానీ మాకు బొండం బదులు పిడికెడు బియ్యం పొయ్యండి. ఆసుపత్రిలో గంజి కాస్తాం" అంటూ కొంగు పట్టారు.

ఆయన లోపలికెళ్లి చాటెడు తెచ్చారు. "పిడికెడేంటండీ, అడుక్కునేవాళ్లకి పోసినట్టు."

"పిడికెడే పొయ్యండి. రేపు కూడా పొయ్యాలి మరి."

"ఆయ్" అన్నారాయన. మా వైపు సరేనండీ అనడానికి అదే మాట.

వారం తిరక్కుండా గట్టంతా అరుగుల మీద డబ్బాలు వెలిశాయి. బొండం కొట్టే చేతులన్నీ బియ్యం పట్టుకుని నిలబడేవి. గుడికొచ్చేవాళ్లూ రానివాళ్లూ అని లేదు. మా నడకా వంతెన దాటింది. ఒకరోజు వంతెన అవతల చెప్పేశాను, "నాకు నమ్మకం పోయిందండీ. ప్రార్థన నోటికి రావడం లేదు."

"వార్డులో ఆకలి లేదన్నవాడికి కూడా మేం ముద్ద పెట్టేవాళ్లం. నాలుగు ముద్దలు పడ్డాక వాడే అడిగేవాడు" అన్నారావిడ. "నువ్వు నడు."

అనుకున్న రోజు ఎండ మండిపోయింది. గట్టుమీద నీడన నడిచిన మాకు తారురోడ్డు చుక్కలు చూపించింది. నా మోకాళ్లు ఏడ్చాయి. అయినా ప్రతి ఊరి మొగలోనూ ఆడవాళ్లు పిడికిళ్లు బిగించి ఎదురొస్తుంటే ఎలా కూలబడను? సంచులు మేం మొయ్యలేనంత బరువయ్యేసరికి సత్యనారాయణగారు ఓ ఆటో పిలిచి వాటిని అందులో కూర్చోబెట్టి, తను మాత్రం పంచె ఎగ్గట్టి మాతోనే నడిచారు.

ఆసుపత్రి వరండాలో కుండ పొంగుతోంది. గ్లాసు పట్టుకుని ఓ చిన్నపిల్లలాంటి ఇల్లాలు నిలబడి ఉంది. ఆ వేళ నేనెలా ఉన్నానో అలాగే ఉంది. కరుణమ్మగారు నా భుజం తట్టి "ప్రార్థన నువ్వు చెయ్యి" అన్నారు. ఆ పిల్ల గ్లాసు చూశాను.

"ప్రభువా, ఈ గంజి తాగినవాళ్లు లేచి నడవాలి" అన్నాను. నా గొంతు నాకే వినబడింది. ఇన్నాళ్లూ ఎక్కడికీ పోలేదు అది. సంఘమంతా ఆమేన్ అంటుంటే, వెనకాల్నించి అందర్నీ మించి సత్యనారాయణగారు "ఆయ్" అన్నారు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు.

కుండ ఆ తర్వాత ఒక్క పూట కూడా ఆగలేదు. కరుణమ్మగారు మొన్నటి వానాకాలంలో వెళ్లిపోయారు. ఆఖరి రోజుల్లో ఆవిడ మంచం పక్కన కూర్చుంటే, నా మొహం కూడా సరిగ్గా ఆనని స్థితిలో, రోజూ ఒక్కటే అడిగేవారు: "డబ్బాలో వేసేవా?"

ఇప్పుడు ఏటా ఆ నడకలో ముందు నడిచేది నేనే. గొడుగు ఆవిడదే. పొద్దున్నే గింజలు గలగలమనగానే నా ప్రార్థన నేను చెప్పుకుంటాను, చివర మాత్రం ఆవిడకి జవాబు చెబుతాను.

"ఆయ్, వేసేనండి."