బరువు పైకి చెప్పకూడదు

మా మామ ఆదోని మార్కెట్ యార్డులో బతుకంతా పత్తి దలాలీ చేశారు. ఆయన పని మానుకున్నాక మా ఇంటి కింది గోడౌను ఖాళీగా పడి ఉండేది. దాన్నే కడిగించి, సున్నం కొట్టించి, కొత్తగా రెండు కిటికీలు పెట్టించి పిల్లల సంరక్షణ కేంద్రం మొదలుపెట్టాను. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున బిడ్డల్ని వదిలి సాయంత్రం తీసుకుపోయే చోటన్నమాట. "బిడ్డల్ని కూడా గోడౌన్లో పెడతారా తల్లీ?" అని ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది.

లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, తాత్కాలిక అనుమతి మీద ఏడుగురు పిల్లలతో నడుపుతున్న రోజులవి. నెలకోసారి ప్రతి బిడ్డనూ తూచి రిజిస్టరులో రాయాలని నియమం. కొత్త కాటా తెచ్చాను. మొదటి రోజు తల్లులందరి ముందూ మా వీధి చివరి పప్పుల వ్యాపారి మనవణ్ణి దాని మీద కూర్చోబెట్టాను. వాడు కాళ్లూపుతూ నవ్వుతున్నాడు. అంకె చూడగానే నాకు ఎక్కడ లేని సంబరం వచ్చి, "పదకొండు కిలోల రెండు వందలు!" అని గట్టిగా అరిచాను. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో తూకమంటే నలుగురికీ వినబడేలా కేకెయ్యడమే విన్నాను మరి. తూకం మెల్లగా చెప్పేవాణ్ణి దొంగంటారు యార్డులో.

ఆ సాయంత్రం వాడికి జ్వరం వచ్చింది. మర్నాడు వాడి నాయనమ్మ వచ్చి గడప దగ్గరే నిలబడి కడిగేసింది. "ఏమ్మా, బిడ్డనేమన్నా పత్తి బోరెం మూట అనుకున్నావా? అంతమందిలో అట్ల అరుస్తారా? దిష్టి తగిలి ఒళ్లు కాలిపోతాంది!"

అంతే. ఆ రోజు నుంచి ఒక్క తల్లీ బిడ్డను కాటా ఎక్కించనివ్వలేదు. నాకు కోపం రావాలి గానీ ఆశ్చర్యం వచ్చింది. తెల్లారింది మొదలు పప్పు, పత్తి, వేరుశనగ తూచి బతికే ఊరు మాది. చిటికెడు తేడా వస్తే తగాదా పడే మనుషులు సొంత బిడ్డ బరువు మాత్రం తెలుసుకోరు. ఎందుకని ఒక్కొక్కరినే అడిగాను. ఎందుకు అని అడగకుండా ఉండలేని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. "వొద్దక్కా, మంచిది కాదు" అన్నదే అందరి జవాబు.

తనిఖీకి వచ్చిన అధికారిణి గేటు చూసింది, మరుగుదొడ్డి చూసింది, వంటగది చూసి బాగుందంది. రిజిస్టరు తెరిచి, ఒక్క అంకెతో ఆగిపోయిన పేజీ మీద వేలు పెట్టింది. "పదిహేను రోజుల్లో మళ్లీ వస్తాను. ప్రతి బిడ్డ బరువూ ఇందులో ఉండాలి. లేకపోతే లైసెన్సు రాదమ్మా, ఈ అనుమతి కూడా పోతుంది" అని చెప్పి వెళ్లింది.

ఒక మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుండగా రిజిస్టరు ముందు వేసుకుని పెన్ను పట్టుకున్నాను. కంటి అంచనాతో నేనే మిగిలిన ఆరు అంకెలూ వేసేస్తే ఎవరికి తెలుస్తుంది? మా మామ మెట్లు దిగి వచ్చి నా ముఖం చూసి సంగతి కనిపెట్టేశారు. "కాటా ఎక్కని సరుక్కి తూకం రాస్తావేమ్మా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. జరిగిందంతా చెప్పాను.

ఆయన పెద్దగా నవ్వి, భుజం మీది తువాలు తీసి నా చేతి మీద కప్పారు. "మా కాలంలో పత్తి ధర నోటితో యాడ సెప్పినాము? అంతా దీని కిందనే." తువాలు కింద నా వేళ్లు పట్టుకుని చూపించారు. అయిదు వేళ్లూ కలిపి పట్టుకుంటే అయిదు. మళ్లీ రెండు పట్టుకుంటే ఏడు. నడివేలి కణుపు నొక్కితే అర. పక్కన నిలబడినవాడికి కూడా తెలిసేది కాదట. "తూకమైతే అందరికీ, ధరైతే ఇద్దరికే. నీ తల్లులకు బిడ్డ బరువు ధర లాంటిది. నువ్వు దాన్ని తూకమనుకొని అరిచినావు" అన్నారు. ఇన్నేళ్లూ ఆయనతో ఒకే ఇంట్లో ఉండి ఈ విద్య సంగతి ఒక్కసారీ అడగలేదే అని నా మీద నాకే చిరాకేసింది.

మర్నాడు తల్లులకు చెప్పాను. నోరు విప్పను, వేళ్లతో చెబుతాను, రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేస్తాను, అధికారిణికి తప్ప ఎవరికీ చూపించను. మొదట కిసుక్కున నవ్వారు. పప్పుల వ్యాపారి ఇంటి నాయనమ్మే ముందుకొచ్చి, "నోట్లోంచి రాకుంటే సాలు" అని చెయ్యి చాపింది. వారంలో ఆరుగురి బరువులూ చేరాయి.

మిగిలింది ఒక్కడు. వాడి తల్లి ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సులో వాణ్ణి చంకనేసుకుని వచ్చేది. ఇక్కడ బట్టల షాపులో పని. ఇంట్లో మొగుడు మగ్గం మీద ఉంటాడు, చూసుకునే పెద్దలు లేరు. బిడ్డకు పద్నాలుగో నెల. రోజూ అడిగాను, రోజూ తల అడ్డంగా ఊపింది. అధికారిణి రావడానికి ముందు రోజు నాకు ఓపిక చచ్చిపోయింది. "అందరూ ఒప్పుకున్నారు, నీకొక్కదానికేనా దిష్టి భయం? అయినా నీ కొడుకు మీద ఎవరి కన్ను పడుతుంది?" అనేశాను. మాట జారాక నాలుక కరుచుకున్నాను.

ఆమెకు కోపం రాలేదు. "దిష్టి కాదక్కా. ఎక్కువుండాడని ఊరికి తెలుస్తాదని కాదు నా భయం. తక్కువుండాడని నాకు తెలుస్తాదని." "వీని ముందర ఆడబిడ్డ. చేతుల్లోనే తేలికైపోతాంటే నేను పట్టించుకోలేదు. సన్నబిడ్డ, సన్నబిడ్డ అనుకున్యా. పోయింది."

నాకు నా మీదే అసహ్యం వేసింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. "వీణ్ణి ఎత్తుకున్నప్పుడు ఎట్లుంది?"

బిడ్డను రెండు చేతులతో ఎత్తి చూసుకుంది. తరవాత తానే వాణ్ణి కాటా మీద కూర్చోబెట్టి, ముఖం గోడకు తిప్పుకుంది. అంకె చూశాను. తువాలు కింద ఆమె వేళ్లు అయిదూ పట్టుకుని, మళ్లీ రెండు పట్టుకుని, నడివేలి కణుపు నొక్కాను.

"ఇంకోసారి" అంది. మళ్లీ అదే చెప్పాను. ఏడవలేదు. షాపుకు రానని ఫోను చేసి, "యాడుండాడు పిల్లల డాక్టరు? ఇప్పుడే పోదాం" అంది. పిల్లల్ని మా కేంద్రంలో పనిచేసే ఆయాకూ మా మామకూ అప్పగించి వెంట వెళ్లాను. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందనీ, ఇప్పుడైనా తెచ్చారు కాబట్టి భయం లేదనీ డాక్టరు చెప్పాడు. మందులు రాశాడు, ఏం తినిపించాలో రాశాడు. ఆ తిండి వేళ తప్పకుండా పెట్టడం నా పనైంది.

మర్నాడు అధికారిణి ఏడు అంకెలూ చూసింది. చివరి దాని దగ్గర ఆగితే డాక్టరు చీటీ చూపించాను. చదివి సంతకం పెట్టింది. కొన్ని వారాలకు లైసెన్సు వచ్చింది.

రెండో నెల తూకం రోజు సాయంత్రం తల్లులందరూ వరసలో ఉన్నారు. ఎమ్మిగనూరు ఆమె వంతు వచ్చింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు గానీ కళ్లు గట్టిగా మూసుకుంది. అయిదు వేళ్లు పట్టుకున్నాను. మళ్లీ మూడు. పెదవులు కదుపుతూ లెక్క పెట్టుకుంది. చటుక్కున చెయ్యి లాక్కుంది, తువాలు కింద పడింది.

"ఎనిమిది! నా కొడుకు ఎనిమిది కిలోలుండాడు!" అని వీధి వినబడేలా అరిచింది.

తల్లులందరూ కొయ్యబారిపోయారు. నాయనమ్మ ఉప్పు కోసం వంటగదిలోకి పరుగెత్తింది. ఆమె తిరిగొచ్చేదాకా కూడా ఆగకుండా ఆ తల్లి తన కొడుకును చంకనేసుకుని, బస్టాండు దాకా కనబడిన ప్రతి మనిషికీ చెప్పుకుంటూ పోయింది.