సెంటు అక్కకి అరువిచ్చిన ముక్కు

ఆ రోజుల్లో అంటే మరీ బ్లాక్ అండ్ వైట్ రోజులు కావు లెండి, కరోనా తగ్గి జనం మాస్కులు గడ్డం కిందకి దించుకుంటున్న కాలం. ఒంటరితనం పెద్దవాళ్లకొచ్చే జబ్బని, అప్పుడే డిగ్రీ అయిన పిల్ల దగ్గరికి రాదని గట్టిగా నమ్మేదాన్ని. విజయవాడ ఆటోనగర్లో లారీ విడిభాగాల కొట్టులో అకౌంట్స్ చూసే ఉద్యోగం, పటమట లేడీస్ హాస్టల్లో ఒక మంచం. రూమ్మేటువి రాత్రి డ్యూటీలు. నేను లేచేసరికి ముసుగుతన్ని పడుకునేది, నేను వచ్చేసరికి వెళ్లిపోయేది. (ఆ అమ్మాయి ముఖం సరిగ్గా గుర్తులేదు, దుప్పటి మీది నెమళ్లు మాత్రం గుర్తున్నాయి.) మా ఊరు ఉయ్యూరు దగ్గరే, బస్సెక్కితే గంట. కానీ "నువ్వొక్కదానివీ ఉండలేవే" అన్న అమ్మతో పోట్లాడి వచ్చినదాన్ని, ప్రతి ఆదివారం సంచి పట్టుకుని ఇంటి ముందు దిగితే పరువేం కావాలి? అందుకని ఫోన్లో "ఫ్రెండ్స్‌తో బయటికెళ్తున్నానమ్మా" అని చెప్పి, ఒక్కదాన్నే బందరు రోడ్డు మీద తిరిగేదాన్ని.

అలా ఓ ఆదివారం ఎండకి తట్టుకోలేక, ఏసీ కోసం ఒక పెద్ద షాపులోకి దూరాను. గుమ్మం పక్కనే సెంట్ల కౌంటరు, "కొత్త వెరైటీలు" అని బోర్డు, వెనక నలభై ఏళ్ల ఆవిడ. (పేరు తర్వాత తెలిసింది గానీ నాకు మాత్రం ఎప్పటికీ సెంటు అక్కే.) "రండమ్మా, కొత్తగా వచ్చాయి, కొనక్కర్లేదు, ఊరికే చూడండి" అంది. ముందురోజు కొట్టు మూశాక నాతో ఒక మనిషి మాట్లాడటం అదే మొదలు. వెంటనే చెయ్యి చాపాను. మణికట్టు మీద ఒకటి కొట్టి, "ఎలా ఉందమ్మా?" అనడిగింది. "బాగుందండీ." "బాగుందంటే, ఎలా బాగుంది?" ఇంకోటి కొట్టింది, మళ్లీ అదే ప్రశ్న. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, మోచేతులు కూడా అయిపోయి చున్నీ కొసలకి వచ్చేసరికి నాకు అనుమానం వచ్చింది. "అది మీరు చెప్పాలి కదండీ, నన్నడుగుతారేంటి?" అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి ముందుకు వంగింది. "ఎవరితో అనకమ్మా. కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన తెలవట్లేదు. బట్టల సెక్షన్ నుంచి మొన్నే ఇటేశారు. చెప్తే మాన్పించేస్తారని భయం. నువ్వు కాస్త చెప్పావంటే కస్టమర్లకి అదే చెప్పుకుంటా."

ఎవరికీ పట్టని నా అభిప్రాయం మీద ఒకరి ఉద్యోగం ఆధారపడి ఉందనేసరికి, నేను ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాను. కళ్లు మూసుకుని, పెద్ద పరీక్ష రాస్తున్నట్టు మొదలుపెట్టాను. "ఇది బెల్లం వండే పొయ్యి దగ్గర వాసనండీ." "ఇది తడిసిన వరిగడ్డి." "ఇది మా అమ్మ బీరువా తీస్తే పట్టుచీరల్లోంచి వచ్చేది." ఆవిడ పెదాలు కదుపుతూ బట్టీ పట్టింది. ఇంతలో ఒక పెద్దవయసు జంట వచ్చారు. సెంటు అక్క ధైర్యం చేసి సీసా ఎత్తి, "ఇది చూడండి మేడం, అచ్చం వేడి వేడి బెల్లం" అంది. ఆ మేడం గారు ఒకడుగు వెనక్కి వేసి, "వద్దమ్మా, నాకు షుగరు" అన్నారు. ఆయన మాత్రం వరిగడ్డి మాట వినగానే ఆగి, "మాది కంకిపాడు పక్కనే" అంటూ చేతి మీద కొట్టించుకుని, చాలాసేపు వాసన చూసి, "గడ్డి లేదు గానీ, గడ్డి అనుకుంటే బానే ఉంది" అని తీసుకున్నారు.

వాళ్లు వెళ్లాక ఇద్దరం కౌంటరు కిందకి వంగి నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే ఆవిడ ఇంకో సీసా అందుకుంది. "ఇది మా వంటింట్లో..." అన్నాను. కళ్లనిండా నీళ్లు. "సెంటు కంట్లో పడిందండీ" అన్నాను. "కొట్టింది చున్నీకి కదమ్మా" అంది. "నాకు వాసన తెలవదు గానీ ఏడుపు తెలుస్తుంది. అన్నం తిన్నావా?" తినలేదు. భోజనం టైములో తన డబ్బా మూతలో సగం పులిహోర పెట్టింది. ఉప్పు బాగా ఎక్కువైంది (వాసన తెలియని మనిషి వంట మరి), మెతుకు మిగల్చకుండా తిన్నాను. సాయంత్రం సిటీ బస్సులో పక్క సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "పెళ్లినుంచి వస్తున్నావా అమ్మాయ్?" అనడిగింది. అవునండీ అన్నాను. నిజంగానే నలుగురిలోంచి లేచి వస్తున్నట్టు ఉంది నాకు.

తర్వాతి ఆదివారాలన్నీ ఆ కౌంటరు దగ్గరే. కొన్ని నెలలకి, ఓ శనివారం పొద్దున నేను కొట్టులో ఉండగా ఫోన్ వచ్చింది. "వాసన వచ్చిందే" అంది సెంటు అక్క. (అప్పటికే 'మీరు', 'అమ్మా' పోయి 'నువ్వు', 'ఏమే'ల్లోకి దిగాం.) "ఇంట్లో పాలు మాడితే తెలిసింది. డ్యూటీకి రాగానే సీసాలన్నీ మూతలు తీసి చూశా." "అందులో బెల్లం లేదు, గడ్డి లేదు, మీ అమ్మ బీరువా లేదు. అన్నీ ఏవో పూల వాసనలు. నువ్వు ఇంటికెళ్లి ఎన్నాళ్లయిందే?"

లారీ గ్రీజు డబ్బాల మధ్య నిలబడి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. ఆ సాయంత్రమే ఉయ్యూరు బస్సెక్కాను. అమ్మ తలుపు తీసి, నన్నూ నా సంచినీ చూసి, "ఏం, ఫ్రెండ్స్ ఊళ్లో లేరా?" అంది. "లేరమ్మా" అన్నాను. లోపలికెళ్లి కంచం పెట్టింది.

ఇప్పుడు విజయవాడలో నాకు తెలిసినవాళ్లు బాగానే ఉన్నారు, ఆదివారాలు ఖాళీ ఉండటం లేదు. అయినా రెండు చేతులూ చాపి, కనిపించిన ప్రతి సీసాలోనూ ఇల్లు వెతుక్కున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక, వెళ్లి ఆ పిల్ల పక్కన కాసేపు నిలబడితే బాగుండుననిపిస్తుంది.